కడిగి ఆరబెట్టిన అక్షరాలు

పొద్దుటి నుంచి ఒక్కో అక్షరం ఏరి కూర్చిన పేజీని మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి రొయ్యపప్పులా చాప మీద ఆరబోసి ఉండగా చూసే యోగం రాజమండ్రిలో భీమరాజుకు తప్ప ఇంకే కంపోజిటరుకీ పట్టలేదు.

ఇన్నీసుపేటలో అచ్చిబాబుగారి ముద్రాక్షరశాల పెరటి అరుగు. చూరు మీంచి శ్రావణమాసపు వాన ధారలుగా కారుతోంది. అరుగు మీద పొడుగాటి చాప. చాప నిండా సీసపు అక్షరాలు. పక్కనే బట్టల సోడా కలిపిన నీళ్ల తొట్టి దగ్గర, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, బ్రష్షు పట్టుకుని ఒక అమ్మాయి. అచ్చు వేసిన అక్షరాల సిరా వదలగొట్టే పనికి ఆ పొద్దుటే కుదిరింది.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు భీమరాజు.

"కడిగానండి."

"కడిగావు సరే. దారం ఎందుకు విప్పావు?"

"కట్ట కట్టగానే కడిగితే లోపలికి నీళ్లెలా వెళ్తాయండి? రొయ్యలైనా బుట్టలోంచి తీసే కదండి కడుగుతాం."

"ఇవి రొయ్యలా?"

ఆ అమ్మాయి ఒక అక్షరాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "వాసన లేదండి. అదొక్కటే తేడా."

భీమరాజు చాప పక్కన కూలబడ్డాడు. ఏ అక్షరానికి ఆ అక్షరం గళ్ల కేసులోంచి తీసి, ఇనప స్టిక్కులో వరసగా నిలబెట్టి, వరసలన్నీ చేరాక చుట్టూ దారం బిగించి కడితే పేజీ అవుతుంది. అది ఇంకా అచ్చే కాలేదు. కడియం పెద్దమనిషి ఒకాయన మామిడి అంట్లు కట్టే విధానం మీద రాసిన పుస్తకంలో మొదటి పేజీ అది. ఇప్పుడు మామిడీ లేదు, అంటూ లేదు.

"పైగా ఈ కుప్పలేంటి?"

"ఏరి పెట్టానండి. పెద్దవి ఈ పక్క, చిన్నవి ఆ పక్క. తోకలున్నవి విడిగా పోశాను." ఇంత శ్రద్ధగా పని చేసినందుకు మెచ్చుకుంటాడేమో అన్నట్టు చూసింది. కళ్లు పెద్దవి. అంత కోపంలోనూ భీమరాజుకు ఆ సంగతి తెలిసిపోయింది. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

గొడవ విని అచ్చిబాబుగారు లోపల్నుంచి వచ్చారు. ఆయన పుట్టుకతో రైతు, బుద్ధి పుట్టి అచ్చాఫీసు పెట్టారు. ఊళ్లో వాళ్లు ఆ పేరుకి ఆ వ్యాపారం తప్పదులే అని నవ్వుకునేవారు. ఆయనకు మాత్రం లోకమంతా వరిచేనే.

"కట్ట విప్పింది అమ్మాయి. కడిగేవీ కడక్కూడనివీ ఒకే బల్ల మీద పెట్టిపోయిన ఘనుడు ఎవడు?"

భీమరాజు తల దించుకున్నాడు.

"మరింకేం! ఇద్దరూ కలిసి ఏ గింజ ఆ గాదెలో పొయ్యండి. ఇదిగో అమ్మాయ్, ఇంకో మాట. కాయితాలున్న లోపలి గదిలోకి మాత్రం నువ్వు రాకూడదు. తడిచెయ్యి కాయితం మీద పడటమూ, కళ్లంలో ధాన్యం మీద వాన పడటమూ ఒకటే నాకు."

ఆ అమ్మాయి పేరు లోవలక్ష్మి. రేవు పక్క పేటలో చేపలు పట్టే బుల్లియ్య కూతురు. తల్లి పోయినప్పటి నుంచి ఆ ఇంటికి పెద్దదిక్కు ఆ పిల్లే. పంతొమ్మిది నిండి ఇరవై నడుస్తున్నా ఇంటి బాధ్యత వల్ల పెళ్లి మాట వెనక్కి జరుగుతూ వచ్చింది. వరద రోజుల్లో వలకి పని తక్కువ కాబట్టి అచ్చాఫీసులో పనికి కుదిరింది.

భీమరాజుదీ చేపల ఇల్లే. కాకపోతే సముద్రం పక్క. మొగల్తూరు అవతల, ఉప్పుగాలిలో పుట్టాడు. నరసాపురం మిషను బడిలో నాలుగు ముక్కలు నేర్చి, వల వదిలి స్టిక్కు పట్టాడు. ఆ సంగతి తెలిశాక లోవలక్ష్మికి నవ్వు ఆగలేదు.

"సముద్రపోళ్లా మీరు! అందుకేనండి, మాటంతా ఉప్పు."

"గోదారోళ్లదేముందిలే. వరదొస్తే గాని చేప దొరకదు."

"దొరికితే పులస దొరుకుద్దండి! అది మీ సముద్రంలో ఉన్నంతకాలం ఒట్టి ఇలసేగా. గోదారికి ఎదురీదితేనే రుచి." ఓరగా చూసి, "మీరూ ఎదురీదే వచ్చారు పాపం. ఇంకా ఉప్పు దిగినట్టు లేదు," అంది.

భీమరాజుకు తగిన జవాబు ఆ రాత్రి పడుకోబోయేటప్పుడు తట్టింది. అప్పుడు తట్టి ఏం లాభం?

*

చెదిరిన అక్షరాలు కేసులో ఎవరి గదికి వాళ్లను చేర్చాలంటే ముందు అక్షరం తెలియాలి. లోవలక్ష్మికి తెలియదు. అయినా ఊరుకునే మనిషి కాదు. తనకు తోచిన పేర్లు పెట్టుకుంది.

"ఇది గాలం. ఇది చేపకన్ను. ఇదేమో వలకి కట్టే గుండు."

"గాలం కాదు, 'ల'. నీ పేరులో ఉన్న అక్షరం. చేపకన్ను కాదు, 'ఠ'. గుండు కాదు, సున్న."

"నా పేరులో గాలం ఉందా అండి?" ఆ అక్షరాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎవరు తగులుకుంటారో ఏంటో!"

తగులుకునేవాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వాడికే ఆ సంగతి తెలియలేదు.

అలా మొదలైంది చదువు. బయట వాన, అరుగు మీద కేసు, కేసుకి అటూ ఇటూ ఇద్దరు. కడిగిన సీసం చేతిలో పెట్టి పేరు అడిగేవాడు. తప్పు చెబితే వెక్కిరించేవాడు. ఒప్పు చెబితే ఆమె అతన్ని వెక్కిరించేది. గుణింతం వచ్చింది, వత్తులు వచ్చాయి. వరసకట్టిన అక్షరాలు చదవడం కూడా వచ్చేసింది. మిషను బడి పంతులు ఏడాదికి నేర్పినంతా ఆ పిల్ల ఒక్క వానాకాలంలో మింగేస్తుంటే భీమరాజుకు గర్వంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

ఒక రోజు ఆమె రాకముందే స్టిక్కులో ఒక మాట కూర్చి ఉంచాడు. ఆమె వచ్చి, చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి చదివింది.

"లో... వ... ల... క్ష్మి." ఆగింది. మళ్లీ చదివింది. "ఇది నేనండి!"

"నువ్వే."

"నేను ఇలా ఉంటానా!" అంది మెల్లగా. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూసి భీమరాజు తను కూర్చాల్సిన వరసే మర్చిపోయాడు. ఇక బుకాయించి లాభం లేదు, ఈ పిల్ల లేకుండా తనకు పొద్దు గడవదు అని ఆ క్షణాన నిక్కచ్చిగా తెలిసిపోయింది.

తెలిసినవాడు చెప్పొచ్చుగా? చెప్పలేదు. బదులుగా పనిలో తప్పులు చేయడం మొదలుపెట్టాడు. మర్నాడు అచ్చిబాబుగారు మామిడి పుస్తకం ప్రూఫు పట్టుకుని అరుగు మీదికి వచ్చారు.

"ఒరే భీమా, 'అంటు కట్టిన కొమ్మకు లోవలక్ష్మి తగలకుండా గుడ్డ చుట్టవలెను' అని పడింది. ఎండ తగలకుండా కదరా?"

భీమరాజు ప్రూఫు వంక చూశాడు. తొట్టి దగ్గర బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

"ఎండా లోవలక్ష్మీ ఒకే గాదెలో కలిసిపోయినట్టున్నాయండి," అన్నాడు చివరికి.

"ఆహా, అలాగా," అన్నారు అచ్చిబాబుగారు. మీసం కింద ఆయన నవ్వు దాచుకోవడం ఇద్దరూ చూశారు. ఆయన వెళ్లాక లోవలక్ష్మి చాలాసేపు తల ఎత్తలేదు. కడిగిన అక్షరాలనే మళ్లీ కడిగింది.

*

శ్రావణం పోయి భాద్రపదం వచ్చింది. ఒక శుక్రవారం లోవలక్ష్మి పనికి వచ్చిందన్న మాటే గాని వెక్కిరింత లేదు, నవ్వు లేదు.

"ఏంటలా ఉన్నావు?"

"మా మేనత్త పెద్దింట్లమ్మ వచ్చిందండి ధవళేశ్వరం నుంచి. వాళ్ల అబ్బాయి పల్లంరాజుకి నన్నడుగుతోంది."

భీమరాజు చేతిలో స్టిక్కు వంకరైంది. "నువ్వేమన్నావు?"

"చదువుకుంటున్నాను, ఇప్పుడే వద్దన్నానండి. అత్త పకపకా నవ్వింది. మా నాన్నకి రోషం వచ్చింది. అచ్చేసిన కాయితం ఏదైనా సరే, పేటలో పదిమంది ముందు చదివి చూపించవే, పెళ్లి విషయంలో నీ మాటే నా మాట, అన్నాడు."

"చదవలేకపోతే?"

"అత్త మాటే మాట. మంగళవారం తాంబూలాలు."

భీమరాజుకు ప్రాణం లేచొచ్చింది. "ఇంతేనా! ఇది చదువు." పక్కనున్న మామిడి పేజీ ఆమె ముందుకు తోశాడు. సీసం మీద వేలు జరుపుకుంటూ గడగడా చదివేసింది, ఒక్క తప్పు లేదు.

"చూశావా! వంతెన పనివాళ్లు మన దగ్గర అచ్చేయించిన నోటీసు సోమవారం రేవులో పెడుతున్నారు. పెద్ద అక్షరాలు. అది చదివేసెయ్. మీ అత్త నోరు మూతపడుతుంది."

"ఆ నోటీసు ఇప్పుడే ఒకసారి చూపిస్తారా?"

"ముందే చూస్తే మోసం అవదూ?"

లోవలక్ష్మి తల ఊపింది. "అవునండి. వద్దులెండి. నాకొచ్చిన చదువుతోనే చదువుతాను." తర్వాత నేల చూస్తూ అంది: "నా మాటే మాట అయిందనుకోండి... అప్పుడు నేనేం చెప్పాలో మీకేమైనా తెలుసా?"

ఇంతకన్నా తలుపు తీసి పిలిచే ఆడపిల్ల ఎక్కడైనా ఉంటుందా? భీమరాజు నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"సోమవారం కానీ. అప్పుడు చెప్తాను," అన్నాడు ఆ మహానుభావుడు.

*

మంగళవారం పొద్దున లోవలక్ష్మి వచ్చింది. తొట్టి దగ్గరకు వెళ్లలేదు. తిన్నగా భీమరాజు కేసు ముందుకు వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేనేం పాపం చేశానండి మీకు?"

"ఏమైంది?"

"నిన్న పేట పేటంతా వచ్చింది. మా నాన్న కొత్త తలగుడ్డ కట్టుకుని మరీ వచ్చాడు, కూతురు చదువుద్దని. వెళ్లి నోటీసు అంటించిన పలక ముందు నిలబడ్డాను. అందులో ఒక్క అక్షరం, ఒక్కటంటే ఒక్కటి, మీరు నేర్పింది కాదు. గాలాలన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. కాళ్ల దగ్గరుండాల్సిన తలకట్లన్నీ నెత్తిన ఎక్కి కూర్చున్నాయి!"

"తలకట్టు కాళ్ల దగ్గరేంటి? తలకట్టు అంటేనే తల..."

భీమరాజు ఆగిపోయాడు. కేసులోంచి ఒక అక్షరం తీసి చూశాడు. అచ్చు అక్షరం కాయితం మీద తిన్నగా పడాలంటే సీసం మీద తిరగేసి ఉండాలి. ఆ సీసాన్ని స్టిక్కులో తలకిందులుగా నిలబెట్టుకుని చదవడం కంపోజిటరుకు అలవాటు. అతను తిన్నగా ఉన్నవీ తలకిందులవీ ఒకటిగానే చదివేస్తాడు. తేడా ఉందని మర్చిపోయి ఏళ్లయింది. ఈ పిల్లకేమో సీసమే బడి, సీసమే పలక. కాయితాలున్న గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. వానాకాలం అంతా కూర్చుని, ఎంతో శ్రద్ధగా, వెక్కిరించి మరీ తను నేర్పింది...

భీమరాజు ఘోరమైన పని చేశాడు. నవ్వాడు.

తన తెలివితక్కువతనానికే నవ్వాడు, అదీ పొట్ట పట్టుకుని. కానీ చూసేవాళ్లకి ఆ సంగతెలా తెలుస్తుంది?

లోవలక్ష్మి మొహం పాలిపోయింది. "అత్త చెప్పింది, సముద్రపోడు నీతో ఆటలాడుకున్నాడే అని. కాదని అత్తతో పోట్లాడాను. రాత్రంతా పోట్లాడాను."

"లోవా, అది కాదు, విను..."

"నన్ను మీరు ఎగతాళి చేసినా పర్లేదండి. మా నాన్న నిన్న తలగుడ్డ విప్పేసి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికెళ్లిపోయాడు. అది మాత్రం నేను మర్చిపోలేను."

చేతిలో పట్టుకొచ్చిన బ్రష్షు అరుగు మీద పెట్టేసి వెళ్లిపోయింది. అచ్చిబాబుగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"నవ్వావట్రా?"

"నవ్వానండి."

"కోతకొచ్చిన చేలోకి దున్నపోతుని తోలినట్టు నవ్వావు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పరిగెత్తు!"

*

భీమరాజు పరిగెత్తాడు. వాన అప్పుడే వెలిసింది. గోదారి నిండుగా, ఎర్రగా పారుతోంది. నడిమధ్య కొత్త రైలు వంతెన స్తంభాలు కట్టినంత మేరకు నిలబడి ఉన్నాయి. వాటికి పేట పడవలు బారుగా కట్టి ఉన్నాయి.

బుల్లియ్య ఇంటి ముందు చాపలు పరిచి ఉన్నాయి. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు. పెద్దింట్లమ్మ జరీచీర కట్టి మహారాణిలా కూర్చుంది. పక్కన పల్లంరాజు అరటిపండు వంక చూస్తున్నాడు. లోవలక్ష్మి గుమ్మం దగ్గర, ఇటు వీపు పెట్టి నిలబడింది.

భీమరాజు రొప్పుతూ బుల్లియ్య ముందు నిలబడ్డాడు. వాళ్లలో పెద్దవాణ్ణి బాబాయ్ అని పిలవడం అలవాటు. బాబాయ్ అంటే లోవలక్ష్మి చెల్లెలైపోతుంది. ఆ భయంతో నోరు జారింది.

"మావయ్యగారండి..."

"ఎవడ్రా నీకు మావయ్య?" బుల్లియ్య తెడ్డు అందుకున్నాడు.

"తప్పు నాదండి! ఆ పిల్లకి చదువొచ్చు. బాగా వచ్చు. నేనే తలకిందులుగా నేర్పాను."

"తలకిందులా?" పెద్దింట్లమ్మ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "ఓరి అబ్బాయ్, అన్నం కూడా తలకిందులుగానే తింటావేంటి మీ మొగల్తూర్లో?"

పేట పేటంతా నవ్వింది. భీమరాజు సీసం గురించి చెప్పాడు, సిరా గురించి చెప్పాడు, స్టిక్కు పట్టినట్టు ఎడమచెయ్యి పట్టి చూపించాడు. ఎంత చెబితే అంత గందరగోళం అయింది.

"చాల్లేవయ్యా," అన్నాడు బుల్లియ్య విసుగ్గా. "చదివితే దాని మాట అన్నాను. చదవలేదు. పదిమందిలో అన్న మాట తప్పను."

"వెళ్లిపొమ్మను నాన్నా," అంది లోవలక్ష్మి, తిరగకుండానే.

భీమరాజు ఇక చేసేది లేక అక్కణ్ణుంచి కదిలాడు. రేవు వైపు తిరిగాడు. మెట్ల దగ్గర నోటీసు పలక నిలబెట్టి ఉంది. దాని ముందు, వరద ఒడ్డు కోసి వదిలిన పాయలో నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లలో పలక నీడ కనిపించింది.

భీమరాజు నీడ వంక చూశాడు. తలకట్లు కాళ్ల దగ్గర ఉన్నాయి. వరసలు ఎడం నుంచి కుడికే ఉన్నాయి. మొదటి వరస అట్టడుగున ఉంది. రోజూ తన స్టిక్కులో ఎలా ఉంటాయో సరిగ్గా అలాగే ఉన్నాయి!

"లోవా!" అని అరిచాడు. ఆ అరుపుకి పల్లంరాజు చేతిలో అరటిపండు కింద పడింది.

భీమరాజు పలక పీకాడు. "ఓరి నాయనో, సర్కారు పలక!" అని ఎవరో కేక పెట్టారు. అతను వినలేదు. పలక ఎత్తుకుని పాయలోకి దిగాడు. నడుం లోతుకి వెళ్లి, ఒడ్డు వైపు తిరిగి, పలకని నీళ్లకి ఆనీ ఆనకుండా నిలబెట్టి పట్టుకున్నాడు.

"నా మొహం చూడకు! నన్ను తిట్టుకో, పర్లేదు. నీళ్లలో చూడు. ఒక్కసారి!"

ఎవరూ నవ్వలేదు. నీళ్లలో నిలబడ్డవాడి మొహం నవ్వేలా లేదు. లోవలక్ష్మి తండ్రి వంక చూసింది. మెల్లగా నడిచి ఒడ్డుకి వచ్చింది. వంగి చూసింది.

చాలాసేపు చూసింది. భీమరాజుకు చలికి పళ్లు టకటకలాడాయి.

"కదలకండి!" అంది లోవలక్ష్మి. "అక్షరాలు వణుకుతున్నాయి."

భీమరాజు ఊపిరి బిగబట్టాడు.

"ఇం... దు... మూ... ల... ము... గా..." వేలు గాల్లో జరుపుతూ, తన కాళ్ల దగ్గరున్న వరస నుంచి పైకి చదువుతోంది. ముందు తడుముకుంది. రెండో వరసకి గొంతు తెరుచుకుంది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా. వంతెన స్తంభములకు పడవలు కట్టరాదు. బుధవారం ఉదయం నుండి అక్కడ ఉన్న పడవలు విప్పివేయబడును. పడవలవారు ఎగువ రేవునకు పోవలెను!"

రేవులో తలలన్నీ వంతెన వైపు తిరిగాయి.

"బుధవారమా?" అన్నాడు పల్లంరాజు. "అంటే రేపేగా! అమ్మా, మన రెండు పడవలూ అక్కడే ఉన్నాయే!"

పెద్దింట్లమ్మ జరీచీర ఎగదోపి లేచింది. "మరి కూర్చున్నావేంరా! ఈ వరదలో పడవ వదిలితే అంతర్వేదిలో తేలుద్ది! పద పద!" తల్లీ కొడుకూ రేవు వెంబడి పరుగు అందుకున్నారు. వాళ్ల వెనక సగం పేట పరుగు తీసింది.

బుల్లియ్య మాత్రం కదల్లేదు. కూతుర్నే చూస్తున్నాడు. "నువ్వే చదివావా అమ్మా? నిజంగా చదివావా?"

"చదివాను నాన్నా."

పెద్దాయన తెడ్డు కింద పెట్టాడు. కళ్లు తుడుచుకోవడానికి తలగుడ్డ కోసం చెయ్యి నెత్తి మీదికి పోయింది. తలగుడ్డ లేదు. అరచేత్తోనే తుడుచుకున్నాడు. "అయితే నీ మాటే నా మాట. చెప్పు, ఏంటి నీ మాట?"

లోవలక్ష్మి నీళ్ల వైపు తిరిగింది. "నేనెందుకు ముందు చెప్పాలి? సోమవారం చెప్తానన్నాడొకాయన. ఇయ్యాల మంగళవారం."

"లోవా, పలక బరువుగా ఉంది," అన్నాడు భీమరాజు దీనంగా.

"ఉండనివ్వండి. పలక పట్టుకునే చెప్పండి. దింపితే మళ్లీ దాటేస్తారు."

భీమరాజుకు ఇక దాక్కోవడానికి కేసు లేదు, స్టిక్కు లేదు. పలక ఒక్కటే ఉంది, అదీ గెడ్డం దాకానే వస్తోంది. "పొద్దున నువ్వు బ్రష్షు పెట్టేసి వెళ్లిపోయావు చూడు, ఆ అరుగు మీద ఇంక నేను కూర్చోలేను. నువ్వుంటేనే కూర్చుంటాను. నువ్వంటే నాకిష్టం. ఆ రొయ్యల రోజు నుంచే ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

లోవలక్ష్మి చెంపలు వెచ్చబడ్డాయి. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని కళ్లు నవ్వేశాయి.

"ఒడ్డుకి రండి," అంది. "నీళ్లలో తలకిందులుగా ఉన్నారు. జవాబు మనిషిని తిన్నగా చూసి చెప్పాలి."

అతను పలక మోసుకుంటూ, నీళ్లు కారుతూ, మెట్లెక్కి వచ్చి నిలబడ్డాడు. లోవలక్ష్మి తల ఎత్తి అతని కళ్లలోకి చూసింది.

"తిన్నగా ఉన్న అక్షరాలు కూడా నేర్పాలి నాకు. ఎన్నాళ్లు పట్టుద్దంటారు?"

"చాలా కాలం పడుతుంది."

"పట్టనివ్వండి," అంది ఆమె. "నాకేం తొందర లేదు. నాన్నా, ఇదే నా మాట."

బుల్లియ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పళ్లెంలో తమలపాకులు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద వక్కల పొట్లం పెట్టాడు. "తాంబూలాలు ఎలాగూ సిద్ధంగానే ఉన్నాయి. మొగల్తూరు కబురు పంపి మీ వాళ్లని రమ్మనవయ్యా," అన్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి వంతెన వైపు చూపించాడు. "ముందు ఆ పలక ఎక్కడిదక్కడ పెట్టేసి రా. మన పడవ కూడా అక్కడే ఉంది."

భీమరాజు పలక నిలబెట్టి పరుగెత్తుకొచ్చేసరికి తండ్రీ కూతురూ చిన్న దోనె ఎక్కి కూర్చున్నారు. లోవలక్ష్మి జరిగి తన పక్కన చోటిచ్చి, రెండో తెడ్డు అతని చేతిలో పెట్టింది.